జంట ఇంజన్ల టర్బోప్రాప్ విమానాన్ని చార్టర్‌కు తీసుకునేవారు అడగవలసినవి, లెక్కించవలసినవి

హైదరాబాదు నుంచి కడపకో, పుట్టపర్తికో, రాజమహేంద్రవరానికో పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావలసిన బృందాలకు, జిల్లా కేంద్రం నుంచి రోగిని నగరానికి తరలించవలసిన కుటుంబాలకు, కర్మాగారాల తనిఖీకి ఇంజనీర్లను పంపే సంస్థలకు చాలాసార్లు మొదట సూచించే విమానం రెండు ఇంజన్ల టర్బోప్రాప్. మన దేశంలో ఈ తరగతిలో ఎక్కువగా కనిపించేది బీచ్‌క్రాఫ్ట్ బ్రాండు కింద తయారయ్యే కింగ్ ఎయిర్ కాబట్టి, దాన్నే ఉదాహరణగా తీసుకుని, విమానాన్ని ఎలా ఎంచుకోవాలో, ఆపరేటర్‌ను ఏం అడగాలో, బిల్లును ఎలా చదవాలో ఇక్కడ వివరిస్తున్నాను. చార్టర్ తీసుకునేవారిలో చాలామంది సీట్ల సంఖ్య, లోపలి ఫొటోలు, గంట ధర చూసి నిర్ణయం తీసుకుంటున్నారు. నిజానికి చూడవలసిన వరుస వేరు. దిగవలసిన రన్‌వే, మోయవలసిన బరువు, ఆ రోజు ఉండే ఎండ అనే మూడూ తేలిన తర్వాతే విమానం పేరు ప్రస్తావనకు రావాలి.

ఈ విమానం ఏ దూరానికి తగినది

టర్బోప్రాప్‌లో ఉండేదీ జెట్ తరహా గ్యాస్ టర్బైన్ ఇంజనే. అయితే దాని శక్తిలో అధిక భాగం వెనుకకు వాయువును చిమ్మడానికి కాక, గేర్‌బాక్సు ద్వారా ప్రొపెల్లర్‌ను తిప్పడానికి ఖర్చవుతుంది. తక్కువ వేగంలో, తక్కువ ఎత్తులో ప్రొపెల్లర్ సామర్థ్యం జెట్ కంటే మెరుగ్గా ఉంటుంది కనుక చిన్న దూరాలకు ఇంధనం ఆదా అవుతుంది, పొట్టి రన్‌వేల మీద దిగడమూ తేలికవుతుంది. కింగ్ ఎయిర్ బి200 గరిష్ఠంగా గంటకు 530 కిలోమీటర్ల దరిదాపుల్లో ప్రయాణిస్తూ, గంటకు సుమారు 400 లీటర్ల ఏటీఎఫ్ (విమాన ఇంధనం) వాడుతుంది.

హైదరాబాదు నుంచి పుట్టపర్తికి ఆకాశమార్గంలో దాదాపు 375 కిలోమీటర్లు. టర్బోప్రాప్‌కు ఇది సుమారు 55 నిమిషాల ప్రయాణం. చిన్న జెట్ విమానం ఇంతకంటే పది, పదిహేను నిమిషాలు మాత్రమే ముందుగా చేరవచ్చు, ఎందుకంటే ఇంత తక్కువ దూరంలో జెట్ తన అసలు ఎత్తుకు ఎక్కి వేగం అందుకునే సరికే దిగడం మొదలుపెట్టవలసి వస్తుంది. ఆ పదిహేను నిమిషాల కోసం అయ్యే అదనపు ఖర్చు చాలా సందర్భాల్లో సమర్థనీయం కాదని నా అభిప్రాయం. హైదరాబాదు నుంచి ఢిల్లీకో, కోల్‌కతాకో వెళ్లవలసి వస్తే మాత్రం లెక్క తిరగబడుతుంది. వెయ్యి కిలోమీటర్లు దాటిన ప్రయాణానికి టర్బోప్రాప్‌ను ఎంచుకునే ముందు జెట్ ధర కూడా తెప్పించుకుని పోల్చి చూడాలి.

రకాల మధ్య తేడా

కింగ్ ఎయిర్ 90 శ్రేణి 1964లో, 200 శ్రేణి 1974లో, 350 రకం 1990లో మార్కెట్లోకి వచ్చాయి. 2020లో 350 స్థానంలో 360, 250 స్థానంలో 260 ప్రకటించారు. అన్నిటిలోనూ ఉండేవి ప్రాట్ అండ్ విట్నీ కెనడా వారి పీటీ6 ఇంజన్లే. సి90 చిన్నది, నలుగురైదుగురికి సరిపోతుంది. బి200లో ఒక్కొక్క ఇంజన్ 850 హార్స్‌పవర్, గరిష్ఠ టేకాఫ్ బరువు 5,670 కిలోలు. 350లో ఒక్కొక్క ఇంజన్ 1,050 హార్స్‌పవర్, గరిష్ఠ టేకాఫ్ బరువు 6,804 కిలోలు. లోపలి ఎత్తు బి200లోనూ 350లోనూ సుమారు 1.45 మీటర్లే కనుక పెద్దవాళ్లు ఎవరూ నిటారుగా నిలబడలేరు. మోకాళ్ల నొప్పులున్న వృద్ధులను తీసుకెళ్లేవారు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

ఈ అంకెలకంటే ముఖ్యమైన తేడా ఇంకొకటి ఉంది, దాన్ని ఆపరేటర్లు అడిగితే తప్ప చెప్పరు. బి200 'నార్మల్' కేటగిరీలో ధ్రువీకరణ పొందిన విమానం, 350 'కమ్యూటర్' కేటగిరీలో పొందినది. కమ్యూటర్ కేటగిరీ విమానానికి, పరుగు మధ్యలో నిర్ణీత వేగం వద్ద ఒక ఇంజన్ ఆగిపోయినా, మిగిలిన రన్‌వే మీద ఆగగలదా లేక ఒక్క ఇంజన్‌తోనే లేచి సురక్షితంగా ఎక్కగలదా అన్నది ప్రతి టేకాఫ్‌కూ ముందే లెక్కించి, ఆ లెక్కకు లోబడే బరువు నిర్ణయించాలి. నార్మల్ కేటగిరీ విమానానికి ధ్రువీకరణ దశలో ఇంత కచ్చితమైన నిబంధన లేదు. రెండు ఇంజన్లు ఉన్నాయి కాబట్టి ఒకటి ఆగినా రెండోది ఎప్పుడైనా గట్టెక్కిస్తుందని అనుకోవడం పొరపాటు. బరువు ఎక్కువై, ఎండ తీవ్రమై, ఆగిన ప్రొపెల్లర్ రెక్కలు గాలికి అడ్డం తగలకుండా వెంటనే గాలి వాటుకు తిరగకపోతే (దీన్నే ఫెదర్ కావడం అంటారు), మిగిలిన ఒక్క ఇంజన్ విమానాన్ని పైకి తీసుకెళ్లలేకపోవచ్చు. అందుకే బి200ను తీసుకునేటప్పుడు, ఒక ఇంజన్ ఆగిన పరిస్థితిని కూడా లెక్కలోకి తీసుకుని మా బరువు నిర్ణయించారా అని ఆపరేటర్‌ను సూటిగా అడగాలి. మంచి ఆపరేటర్ ఆ ప్రశ్నకు నొచ్చుకోడు, లెక్క కాగితం చూపిస్తాడు.

సీట్లు లెక్కపెట్టకండి, కిలోలు లెక్కపెట్టండి

చార్టర్ వ్యవహారాల్లో ఎక్కువ గొడవలు ఇక్కడే వస్తాయి. విమానంలో ఎనిమిది సీట్లు ఉన్నాయని చెబుతారు, ఎనిమిది మంది సామానుతో వస్తారు, ఇద్దరిని దింపక తప్పదని పైలట్ విమానం దగ్గర చెబుతాడు. తప్పు పైలట్‌ది కాదు. సీట్లు నిండా మనుషులు, ట్యాంకు నిండా ఇంధనం రెండూ కలిసి మోయడం ఈ తరగతి విమానాల్లో చాలావాటికి సాధ్యం కాదన్న సంగతి ముందే చెప్పకపోవడమే తప్పు.

ఉదాహరణకు బి200 లెక్క చూద్దాం. గరిష్ఠ టేకాఫ్ బరువు 5,670 కిలోలు. ఇద్దరు పైలట్లతో, సీట్లు తదితర అమరికలతో సిద్ధంగా ఉన్న విమానం బరువు 4,000 కిలోలు అనుకుందాం. ఇది ఒక్కో విమానానికి ఒక్కో విధంగా ఉంటుంది, అసలు అంకెను ఆపరేటర్ దగ్గరే తీసుకోవాలి. మిగిలింది 1,670 కిలోలు. ట్యాంకులు పూర్తిగా నింపితే ఇంధనమే సుమారు 1,650 కిలోలు ఉంటుంది, అంటే ప్రయాణికులకు చోటే లేదు. అయితే పుట్టపర్తి అంత దూరానికి అంత ఇంధనం అవసరం లేదు. వెళ్లేచోట ఏటీఎఫ్ దొరకదనుకుని రానుపోనూ ఇంధనం ఇక్కడే నింపుకున్నా, రెండు దశలకు 700 కిలోలు, ప్రత్యామ్నాయ విమానాశ్రయానికీ తప్పనిసరి నిల్వకూ మరో 400 కిలోలు చాలు. అప్పుడు 570 కిలోలు మిగులుతాయి. సామానుతో కలిపి మనిషికి 95 కిలోలు వేసుకుంటే ఆరుగురు. ఎనిమిది సీట్ల విమానంలో ఆ రోజు వెళ్లగలిగేది ఆరుగురే అన్నమాట. అదే గమ్యంలో ఏటీఎఫ్ దొరికితే, వెళ్లేటప్పుడు తిరుగు ప్రయాణపు 350 కిలోల ఇంధనం మోయనక్కరలేదు కనుక మరో ఇద్దరు ఎక్కవచ్చు. కాబట్టి గమ్యంలో ఆ రోజు, ఆ వేళకు ఇంధనం దొరుకుతుందా లేదా అన్న ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు మీ బృందం పరిమాణాన్నే మార్చేస్తుంది.

దీనికోసం మీరు చేయవలసింది, బుకింగ్ సమయంలోనే ప్రయాణికుల నిజమైన బరువులు, సామాను బరువులు రాసి ఇవ్వడం. మొహమాటానికి బరువు తగ్గించి చెప్పడం ఇక్కడ ప్రమాదకరం. సామాను విషయంలో ఇంకో చిక్కు ఉంది. బి200 ద్వారం వెడల్పు సుమారు 68 సెంటీమీటర్లు, సామాను పెట్టే చోటు క్యాబిన్ వెనుక భాగంలో లోపలి నుంచే చేరుకునేలా ఉంటుంది. పెద్ద గట్టి సూట్‌కేసులు మెట్ల మీదుగా ఎక్కించి సీట్ల మధ్య నుంచి వెనక్కి చేర్చడం కష్టం, మెత్తటి సంచులు అయితే సులువు. పెళ్లి బృందాలు, దైవదర్శనానికి వెళ్లే కుటుంబాలు ఈ ఒక్క జాగ్రత్త తీసుకుంటే బయలుదేరే వేళ హైరానా చాలావరకు తప్పుతుంది.

ఎండ, రన్‌వే

మన ప్రాంతంలో చార్టర్ తీసుకునేవారు వేసవిని ప్రత్యేకంగా చూడాలి. గాలి వేడెక్కితే పలచబడుతుంది. పలచని గాలిలో రెక్కలకు ఎత్తే బలం, ప్రొపెల్లర్‌కు లాగే బలం, ఇంజన్‌కు శక్తి మూడూ తగ్గుతాయి. బేగంపేట విమానాశ్రయం సముద్ర మట్టానికి సుమారు 531 మీటర్ల ఎత్తున ఉంది. ప్రామాణిక వాతావరణ లెక్కలో ఆ ఎత్తున ఉష్ణోగ్రత 11.5 డిగ్రీలు ఉండాలి. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలు ఉంటే, అధికంగా ఉన్న ప్రతి డిగ్రీకీ సుమారు 120 అడుగుల చొప్పున కలపగా, విమానం దాదాపు 1,650 మీటర్ల ఎత్తైన చోటి నుంచి, అంటే హార్సిలీ హిల్స్ కంటే ఎత్తు నుంచి లేస్తున్నట్టుగా ప్రవర్తిస్తుంది. బేగంపేట రన్‌వే పొడవు మూడు కిలోమీటర్లకు పైనే ఉంది కనుక అక్కడ లేవడానికి ఇబ్బంది ఉండదు. తిరుగు ప్రయాణంలో పొట్టి రన్‌వే నుంచి మధ్యాహ్నం రెండు గంటలకు లేవవలసి వచ్చినప్పుడే అసలు పరీక్ష. 2021 మార్చిలో మొదలైన ఓర్వకల్లు విమానాశ్రయం రన్‌వే పొడవు 2,000 మీటర్లు. కింగ్ ఎయిర్‌కు ఇది మామూలు రోజుల్లో ధారాళంగా సరిపోతుంది, అయినా నిండు బరువుతో ఎండ వేళ లెక్క వేయకుండా వెళ్లకూడదు. ఏప్రిల్, మే నెలల్లో తిరుగు ప్రయాణాన్ని ఉదయం పది గంటల లోపో, సాయంత్రం ఎండ తగ్గాకో పెట్టుకోవడం తెలివైన పని.

రన్‌వే పొడవుతో పాటు అక్కడ ఎవరి అనుమతి కావాలో కూడా తెలుసుకోవాలి. బేగంపేట నుంచి సాధారణ ప్రయాణికుల విమానాలు 2008 మార్చిలో శంషాబాదుకు మారిపోయాయి, ఇప్పుడు అక్కడ చార్టర్లు, ప్రముఖుల విమానాలు, శిక్షణ విమానాల వంటివి నడుస్తున్నాయి. పుట్టపర్తి, బళ్లారి జిల్లాలోని విద్యానగర్ ప్రైవేటు యాజమాన్యంలోని విమానాశ్రయాలు కనుక యజమానుల సమ్మతి ముందుగా తీసుకోవాలి. విశాఖపట్నంలో రన్‌వే నౌకాదళం ఆధీనంలోనిది, అక్కడ వారి అవసరాలకే ప్రాధాన్యం. చిన్న విమానాశ్రయాలు రోజంతా తెరిచి ఉండవు. వాటి పనివేళలను వాచ్ అవర్స్ అంటారు. ఆ వేళలు దాటి దిగాలన్నా, లేవాలన్నా ముందుగా కోరి, అదనపు రుసుము కట్టాలి. రాత్రి దిగడానికి రన్‌వే దీపాలు లేని చోట సూర్యాస్తమయం లోపే పని ముగించుకోవాలి. సభ ఆలస్యమైందనో, పూజ పూర్తి కాలేదనో ఆ గడువు కదలదు.

ఆపరేటర్‌ను పరిశీలించడం

మన దేశంలో డబ్బు తీసుకుని ప్రయాణికులను చార్టర్‌లో తీసుకెళ్లాలంటే పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్ ఉండాలి. ప్రైవేటు కేటగిరీలో రిజిస్టరైన విమానం యజమాని సొంత అవసరాలకే పనికొస్తుంది. దాన్ని కిరాయికి తిప్పడం నిబంధనలకు విరుద్ధం. తక్కువ ధరకు దొరికిన విమానం విషయంలో మొదట అనుమానించవలసింది ఇదే. ఏదైనా జరిగితే బీమా సంస్థ పరిహారం నిరాకరించడానికి అదొక్కటే చాలు.

చార్టర్ ఏజెంట్లలో చాలామందికి సొంత విమానాలు ఉండవు. వారి ద్వారా వెళ్లడం తప్పు కాదు, కానీ విమానం నడిపే ఆపరేటర్ ఎవరో, దాని రిజిస్ట్రేషన్ గుర్తు ఏమిటో రాతపూర్వకంగా తీసుకోవాలి. మన విమానాల గుర్తులు వీటీ అనే అక్షరాలతో మొదలవుతాయి. పర్మిట్ ఉన్న ఆపరేటర్ల జాబితాను డీజీసీఏ తన వెబ్‌సైట్లో ఉంచుతుంది. మీకు చెప్పిన ఆపరేటర్ అందులో ఉన్నాడో లేదో, ఆ గుర్తు గల విమానం అతని పర్మిట్ కింద ఉందో లేదో సరిచూసుకోవాలి. ఆపైన విమాన యోగ్యత పత్రం, దాని సమీక్ష పత్రం గడువులు, ప్రయాణికుల బాధ్యత బీమా మొత్తం చూడాలి. పత్రాలు అడిగితే విసుక్కునే ఆపరేటర్‌ను అక్కడితో వదిలేయడమే మంచిది. ప్రయాణం రోజున మెట్లు ఎక్కే ముందు తోక దగ్గర రాసి ఉన్న గుర్తు, మీ కాగితంలో ఉన్న గుర్తు ఒకటేనా అని చూసుకోవాలి. చివరి నిమిషంలో విమానం మార్చారంటే కొత్త విమానం పత్రాలు కూడా చూపించమనాలి.

పైలట్ల విషయంలో రాజీ పడకూడదు. కింగ్ ఎయిర్‌ను ఒక్క పైలట్ నడిపేందుకు వీలుగా ధ్రువీకరించారు, కానీ ప్రయాణికులతో వెళ్లేటప్పుడు ఇద్దరు ఉండి తీరాలని పట్టుబట్టాలి. కెప్టెన్‌కు మొత్తం ఎన్ని గంటల అనుభవం ఉందన్నదాని కంటే, ఇదే రకం విమానం మీద ఎన్ని గంటలు, గత మూడు నెలల్లో ఎన్ని గంటలు నడిపాడన్నది ఎక్కువ విషయం చెబుతుంది. విధి సమయ పరిమితులను కూడా గుర్తుంచుకోవాలి. తెల్లవారుజామున బయలుదేరి, రోజంతా గమ్యంలో ఆగి, రాత్రి తిరిగి రావాలనుకుంటే ఆ పైలట్ల విధి గంటలు మధ్యలోనే అయిపోవచ్చు. వారు నేల మీద వేచి ఉన్న సమయం కూడా విధి కిందకే వస్తుంది. అలాంటి రోజుకు రెండో జట్టును పంపడమో, రాత్రి అక్కడే బస చేయడమో ముందే నిర్ణయించుకోవాలి.

వాతావరణం, పైలట్ మాట

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రపు ఉరుముల వానలు, జూన్ నుంచి నైరుతి రుతుపవనాలు, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కోస్తా మీద అల్పపీడనాలు, తుఫానులు ఉంటాయి. టర్బోప్రాప్ మామూలుగా 20,000 నుంచి 28,000 అడుగుల మధ్య ప్రయాణిస్తుంది. ఉరుముల వానలు తెచ్చే క్యుములోనింబస్ మేఘాలు 45,000 అడుగులు దాటి ఎదుగుతాయి కాబట్టి వాటి మీదుగా పోవడం కుదరదు, చుట్టూ తిరిగి పోవాలి. అందుకు వాతావరణ రాడార్ పనిచేస్తూ ఉండాలి, అదనపు ఇంధనమూ ఉండాలి.

2001 సెప్టెంబరు 30న కేంద్ర మాజీ మంత్రి మాధవరావు సింధియా ప్రయాణిస్తున్న కింగ్ ఎయిర్ సి90 విమానం ప్రతికూల వాతావరణంలో ఉత్తరప్రదేశ్‌లోని మైన్‌పురి వద్ద కూలి, అందులోని ఎనిమిది మందీ మరణించారు. 2009 సెప్టెంబరు 2న బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమలలో కూలిపోయిన రోజు తెలుగువారెవరూ మరచిపోలేరు. ఆ రెండు ప్రయాణాల్లోనూ వేళకు సభకో, కార్యక్రమానికో చేరవలసిన వారు ఉన్నారు. చార్టర్ ప్రయాణంలో కెప్టెన్ ఎదుట కూర్చునేది డబ్బు కట్టిన వ్యక్తే కావడం వల్ల, ఆ వ్యక్తి నోరు విప్పకపోయినా ఒత్తిడి ఉంటుంది. కాబట్టి బుకింగ్ చేసే మీరే ముందుగా చెప్పాలి: వాతావరణం బాగాలేదని కెప్టెన్ అంటే ప్రయాణం ఆగుతుంది, మేము ఎవరితోనూ ఫోను చేయించము అని. ఆ మాటను ఒప్పందంలో రాయించి, వాతావరణం వల్ల రద్దయితే ఎంత సొమ్ము తిరిగి వస్తుందో కూడా అక్కడే తేల్చుకోవాలి. ముఖ్యమైన పని ఉన్న రోజుకు రైలు టికెట్టో, కారో ప్రత్యామ్నాయంగా సిద్ధంగా ఉంటే ఆ మాట మీద నిలబడటం సులువవుతుంది.

రోగిని తరలించేటప్పుడు

విమానాన్ని ఏ ఎత్తులో నడుపుతారో ముందుగా వైద్యుడు, కెప్టెన్ మాట్లాడుకోవాలి. బి200 క్యాబిన్‌లో లోపలి, బయటి పీడనాల తేడా గరిష్ఠంగా 6.5 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). 25,000 అడుగుల వద్ద ఎగిరితే లోపల 6,000 అడుగుల లోపు ఎత్తున ఉన్నట్టు ఉంటుంది, 35,000 అడుగులకు ఎక్కితే 10,000 అడుగులు దాటుతుంది. గుండె, ఊపిరితిత్తుల రోగులకు ఈ తేడా చాలా పెద్దది. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినవారి విషయంలో, కొద్దిరోజుల క్రితం కడుపు లేదా కంటి శస్త్రచికిత్స అయినవారి విషయంలో వైద్యుని అనుమతి లేకుండా బయలుదేరకూడదు. ద్వారం ఇరుకు కనుక స్ట్రెచర్‌ను వంపు తిప్పి ఎక్కించడం ఆ పని తెలిసిన సిబ్బందే చేయాలి. ఆక్సిజన్ సిలిండర్లు ప్రయాణ సమయానికి రెట్టింపు సరిపోయేలా ఉన్నాయో లేదో లెక్క చూడండి, ఎందుకంటే విమానం దిగాక అంబులెన్సు వచ్చేవరకు వాటితోనే నడవాలి.

ధర, బిల్లు

గంట ధర ఒక్కటే చూసి రెండు ఆపరేటర్లను పోల్చడం కుదరదు. విమానం మకాం బేగంపేటలోనే ఉంటే ఒక ధర, ముంబయి నుంచి ఖాళీగా వచ్చి తిరిగి ఖాళీగా వెళ్లాలంటే ఆ ఖాళీ గంటలన్నీ మీ ఖాతాలోనే పడతాయి. దీన్ని పొజిషనింగ్ అంటారు, చిన్న ప్రయాణాల్లో అసలు ఖర్చు కంటే ఇదే ఎక్కువ కావచ్చు. రోజుకు కనీసం రెండు గంటలు బిల్లు చేస్తామనే షరతు తరచుగా ఉంటుంది. వీటికి తోడు ల్యాండింగ్, పార్కింగ్ రుసుములు, గ్రౌండ్ హ్యాండ్లింగ్, వాచ్ అవర్స్ పొడిగింపు, రాత్రి బస చేస్తే సిబ్బంది వసతి, వీటన్నిటి మీద జీఎస్టీ ఉంటాయి. కొటేషన్ అడిగేటప్పుడే ఇవన్నీ విడివిడిగా రాసి, మొత్తం అంకె ఇమ్మని అడగండి.

బిల్లు వచ్చాక గంటలు ఎలా లెక్కించారో చూడాలి. చక్రాలు నేలను వదిలినప్పటి నుంచి తాకేవరకు లెక్కించేవారు కొందరు, నిలిపిన చోటు నుంచి కదిలినప్పటి నుంచి మళ్లీ నిలిపేవరకు లెక్కించేవారు ఎక్కువమంది. ఈ రెండిటికీ ఒక్కో దశకు పది, పదిహేను నిమిషాల తేడా వస్తుంది. ఏ పద్ధతో ఒప్పందంలోనే రాయించుకుని, ప్రయాణం ముగిశాక విమానపు లాగ్‌లో నమోదైన సమయాల ప్రతిని బిల్లుతో పాటు తెప్పించుకుని సరిచూసి, ఆ తర్వాతే మిగిలిన సొమ్ము చెల్లించండి.